బండి మీద పేరు

దామోదరం మాట నమ్మి బండి కొనిన నన్ను చెప్పుతో కొట్టాల. ఎనభై రెండులో సంగతి. నేను తిరపతిలో టైలరు షాపులో కటింగు మాస్టర్ని. నా పెండ్లాం తిరుమలమ్మ ఏర్పేడు అవతల, రెండు బస్సులు మారి పోవల్సిన పల్లెలో టీచరమ్మ. శనివారం సందకాడ పోతే ఆదివారం తిరిగొచ్చేయాల. మిగతా దినాలంతా ఆమె ఆడ, నేనీడ. రాత్రి అన్నం ముందర కూర్చుంటే ఆమె గుర్తుకొచ్చి ముద్ద దిగేది కాదు. స్కూటరుంటే రోజూ ఇంటికి పోవచ్చునని కొనినా గానీ దర్జాకు కాదు.

దామోదరం మా వీధిలోనే ఉండేవాడు. తన పాత స్కూటరు నాకమ్ముతా, "ఇంజను రాయి మాదిరుండాదప్పా, ఏం దిగుల్లేదు" అన్నాడు. ఆ రాయి మొదటి దినమే రేణిగుంట కాడ ఆగిపోయింది. మెకానిక్ ప్రేమానందం విప్పి సూసి, "ఇంజను పగిలుండాదన్నా. పోయినేడు దామోదరానికి అతుకేసిచ్చింది నేనే. మార్చాలని అప్పుడే చెప్పినా" అన్నాడు.

నేరుగా వకీలు దగ్గరికి పోయుంటే బాగుండు. నాకు బుద్ధి యాడుండాది? అతుకు మళ్లీ వేయించి, దిష్టి తగిలిందనుకొని మర్నాడే అలిపిరి కాడ పూజ చేయించినా. నిమ్మకాయలు తొక్కించి, ముందర రేకు మీద ఎర్ర రంగుతో 'తిరుమలమ్మ' అని రాయించినా. రంగు ఆరకముందే బయల్దేరితే మళ్లీ రేణిగుంట కాడనే నిలబడింది.

తోసుకుంటానే వకీలు సౌందరరాజన్ సామి ఇంటికి పోయినా. ఆయన అంతా విని, "లోపం తెలిసీ దాచి అమ్మినాడు. మెకానిక్ సాక్ష్యం చెప్తే చాలు. నోటీసిచ్చి అమ్మకం రద్దు చేయించుకోవచ్చు. బండి వాడికి, నీ దుడ్డు నీకు" అన్నాడు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంకో మంచి బండి కొనుక్కోవచ్చు గదా అనుకున్నా.

బండి సూద్దామని ఆయన వాకిట్లోకొచ్చినాడు. "ఈ పేరెప్పుడు రాయించినావప్పా?"

"మెకానిక్ చెప్పిన మర్నాడు సామీ."

ఆయన మొగం మారిపోయింది. "లోపం తెలిసినాక పూజ చేసి పేరు రాయించుకున్నావంటే, ఇది నాదేనని ఒప్పుకున్నట్టే. ఇంక వెనక్కివ్వడం కష్టం. నష్టపరిహారం అడగొచ్చు. దానికి ఏండ్లు పడతాయి."

"చెరిపేస్తే?"

"రాసినవాణ్ణి పిలిపిస్తారు. అబద్ధం చెప్పిస్తావా?"

చెప్పించలేను. ఆరు దినాలు ఓర్చుకోలేక చస్తా ఉంటే, ఈయన ఏండ్లంటాడు. నష్టపరిహారానికే నోటీసు ఇమ్మని చెప్పి వచ్చేసినా.

శనివారం బస్సెక్కి పోయి తిరుమలమ్మకు జరిగిందంతా చెప్పినా. "కేసుకు నీ పేరే అడ్డమొచ్చిందే" అని ఎగతాళి చేసినా. ఆమె నవ్వలేదు. నా కంచంలో అన్నం పెడతా, తల దించుకొనే చెప్పింది.

"బండి కొనినానని నీ జాబు వచ్చినప్పట్నుంచీ, ఈ పొద్దన్నా వస్తావేమోనని రోజూ ఇద్దరికీ వండతా ఉండా. సోమవారం నుంచి ఒకరికే వండుకుంటాలే."