అత్త తిట్లతో మొదలయ్యే వీడియో

నేను ఒక వీడియోను. నన్ను చేత్తో పట్టుకోలేరు, పెట్టెలో దాచలేరు. అయినా నన్ను ఎత్తుకుపోయారు. ఎలాగో చెబుతా వినండి.

నేను పుట్టింది టెక్కలి దగ్గర ఒక పల్లెలో, గున్నమ్మ ఇంటి వసారాలో. ఆవిడ పాత చీరలతో బొంతలు కుడుతుంది. ఆ రోజు ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి కూర్చుంది. సూది దించే ముందు ఏ ముక్క ఎవరి చీరదో చెప్పడం వాళ్లింటి అలవాటు. "నీలంది మా అత్తది, ఎర్రది మా చినత్తది" అంటూ రెండూ పక్కపక్కన పరిచిందో లేదో, వెనక నుంచి అత్త దాలమ్మ గొంతు లేచింది.

"ఒలే గున్నీ! నా సీర పక్కన దాని సీర ఎట్టకు! ఒక అరుగు మీద కూకోనేదు మేవు, ఒకే బొంతలో తొంగుంటామేటి?"

"గుడ్డలకి పగలేటత్తా, ఊరుకో!"

పరువు పోతుందని గున్నమ్మ ఈ రభస కోసేసి, మిగతా నన్నే తన చానెల్లో పెట్టింది. నాకూ అదే నచ్చింది. మొదట్లోనే తిట్లేమిటి, అసహ్యంగా! పూర్తి నేను మాత్రం ఆవిడ ఫోన్‌లోనే ఉండిపోయాను. నన్ను చూసి ఎక్కడెక్కడి వాళ్లో బొంతలు కుట్టమని చీరలు పంపసాగారు. ఆ ఇల్లు గడిచేది దాంతోనే.

పట్నంలో చిట్కాల పేజీ నడిపే దివాకర్ నన్ను దించుకుని, నా నుదుటన తన పేజీ ముద్ర కొట్టి అందులో పెట్టుకున్నాడు. గున్నమ్మ ఫోన్ చేసింది.

"బాబూ, సెయ్యి నాది, సూది నాది, బొంత నాది. నీ ముద్రేటి?"

"నెట్‌లో ఉన్నది అందరిదీ ఆంటీ. కింద 'క్రెడిట్స్ ఓనర్‌కి' అని దండం బొమ్మతో వేశాగా!"

"ఆ ఓనరుకి పేరు నేదా నాయనా? అడిగితే నానే ఇద్దును కదా!"

మనుషులు భలేవాళ్లు. కింద ఒక దండం బొమ్మ పెడితే పరాయి సొమ్ము సొంతమైపోతుందనుకుంటారు. క్రెడిట్ వేయడం వేరు, అనుమతి అడగడం వేరు. వీడియో తీసినవాళ్లు ఒప్పుకోకుండా మొత్తానికి మొత్తం ఎత్తి పెట్టుకుంటే చట్టం ఊరుకోదు.

దివాకర్‌కు రోషం వచ్చింది. గున్నమ్మదే కాపీ అని వీడియోల కంపెనీకి తనే ముందుగా ఫిర్యాదు పెట్టాడు. వాళ్లు నన్ను ఆవిడ చానెల్ నుంచి తీసేశారు. అసలు వీడియో తనదేనని చూపించకపోతే చానెలే మూసేస్తామన్నారు. గున్నమ్మ ఆ పూట సూది ముట్టలేదు.

"ఏడుపేటే?" అంది దాలమ్మ. "నాను తిట్టిన ముక్క ఆడికాడ ఉందేటి?"

గున్నమ్మ కళ్లు తుడుచుకుని పూర్తి నన్ను కంపెనీకి పంపింది. దివాకర్ ముద్ర కొట్టిన ముక్కనే పంపాడు. అంతకు ముందు నాలో ఏముందో అతనికేం తెలుసు? అతని పేజీలో నేను మాయమయ్యాను, గున్నమ్మ చానెల్లో లేచాను. ఈసారి ఆవిడ ఏమీ కోయలేదు. చినత్త చూసి, ఎదురింటి నుంచే అరిచింది: "నాను మాత్రం దానికాడ తొంగుంటానన్నానేటి!"

ఇప్పుడా తిట్లంటే నాకు సిగ్గు లేదు. ఎక్కడైనా నేను కనబడితే మొదట చెవి పెట్టండి. దాలమ్మ గొంతు వినబడకపోతే, ఎవరో గున్నమ్మను అడక్కుండా నన్ను తెచ్చుకున్నట్టే.