పైపన్ను

విఠల్‌కు నలభై తొమ్మిదేళ్లకే నోట్లో పళ్లు ఖాళీ కావడం మొదలైంది. మొదటిది మక్కకంకి కొరుకుతుంటే ఊడింది. తర్వాతివి నొప్పి కూడా లేకుండా వాటంతట అవే కదిలి రాలాయి. చిగుళ్ల నుంచి నెత్తురు కారితే వేడి చేసిందని మజ్జిగ తాగేవాడు. మజ్జిగ తాగి, మళ్లీ దవడకు జర్దా పెట్టుకునేవాడు. ఆక్లాండ్ ఎయిర్‌పోర్టు దగ్గర టాక్సీల వరుసలో గంటలకొద్దీ కూర్చునేవాడికి అదొక్కటే తోడు మరి. షుగరు మాత్రలేమో గుర్తున్న రోజు వేసుకునేవాడు. ఉత్త మొండిమనిషి.

2006 చలికాలంలో ఎడమవైపు పైపన్ను ఒకటి సలపడం మొదలైంది. భార్య కృష్ణవేణి పోరు పడలేక న్యూ లిన్‌లో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించి, పంటి వేరు దగ్గర చీము పట్టిందనీ, జర్దా, షుగరూ కలిసి చిగుళ్లను ఎముకదాకా తినేశాయనీ, ఆ పన్ను ఇవాళే తీసెయ్యాలనీ చెప్పింది. పైపన్ను అనగానే విఠల్ కుర్చీలోంచి లేచాడు. మాత్రలు రాయించుకుని బయటపడ్డాడు.

కారెక్కాక కృష్ణవేణి నిలదీసింది. "పీకించుకుంటె ఏమైతుండె?"

"పైపన్ను పీకితె కంటి నరం తెగుతది. మా అక్క ఎన్నిసార్లు చెప్పలె? కన్ను పోతె టాక్సీ ఎవరు నడుపుతరు, నువ్వా?"

విఠల్ అక్క రాజేశ్వరమ్మ జగిత్యాలలో ఉంటుంది. తల్లి లేని తమ్ముణ్ని చంకనేసుకుని పెంచిన మనిషి. ఆమె మాట అతనికి వేదం. ఆ రోజు ఫోన్ చేస్తే మళ్లీ అదే చెప్పింది. "పైపన్ను జోలికి పోకురా తమ్మీ. లవంగం పెట్టు, తగ్గుతది."

లవంగం పెట్టాడు. నిజంగానే తగ్గింది! ఇక అయ్యగారిని పట్టుకోవడం ఎవరి తరం? డాక్టరిచ్చిన మాత్రలు సగంలో మానేశాడు. కృష్ణవేణి మొత్తుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఆ శనివారం పొద్దున లేచేసరికి ఎడమ చెంప పొంగి, కన్ను మూసుకుపోయింది. వేళ్లతో రెప్ప ఎత్తి అద్దంలో చూస్తే తన ముఖమే తనకు మసగ్గా కనిపించింది. అప్పుడు పట్టుకుంది భయం. పంటి చీము పైకెక్కి కంటిగూట్లో చేరిందనీ, అదుపులో లేని షుగరు దానికి ఆజ్యం పోసిందనీ ఆసుపత్రిలో చెప్పారు. అదే రోజు ఆపరేషన్ చేసి చీము తీశారు, ఆ పన్నూ పీకేశారు. ప్రాణం దక్కింది. ఎడమకంటి చూపు మాత్రం తిరిగి రాలేదు.

టాక్సీ నడిపే అనుమతి పోయింది. కృష్ణవేణి సూపర్‌మార్కెట్లో రెండు షిఫ్టులు చేస్తోంది. విఠల్ ఇంట్లో కూర్చుని, ఖాళీ చిగుళ్లను నాలుకతో తడుముకుంటున్నాడు.

కొన్నాళ్లకు రాజేశ్వరమ్మ ఫోన్ చేసింది. ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీది, "నేను ముందుగాల్నే చెప్పలేదారా? వాళ్లు పైపన్ను పీకిన్రు, నీ కన్ను పాయె" అంది.

"గట్ల కాదక్కా. పీకియ్యకనే పోయింది. మొదట్లనే పీకిస్తే..."

"నాకు జెప్తవా? మీ బావకు గూడ పైపన్ను వాసింది. ఈడి డాక్టరు పీకుతనన్నడు. నీ సంగతి చెప్పి, కుర్చీల కూసున్నోన్ని లేపి వాపస్ తోల్కొచ్చిన."

బావకు విఠల్ కంటే ఎక్కువ షుగరు. "అక్కా, నీ కాల్మొక్త. ఇప్పుడే తీస్కపో, పీకియ్యి!" అని అరిచాడు. వంటింట్లో ఉన్న కృష్ణవేణి పరుగెత్తుకొచ్చింది.

రాజేశ్వరమ్మ మాత్రం, చిన్నప్పుడు జ్వరమొస్తే బుజ్జగించిన గొంతుతోనే అంది.

"రంది పెట్టుకోకు బిడ్డా. నీకైనట్టు మీ బావకు కానియ్య. లవంగం పెట్టిన. నిన్నటి సంది నొప్పే లేదంటున్నడు."