దా-సోల్ ముందు తిన్న రోజు

యోన్-హ్వాకి ముప్పై ఒక్కేళ్లు. ఐస్ మీద పందెం వేసే షార్ట్ ట్రాక్ స్కేటింగ్‌లో కొరియా జాతీయ జట్టులో పదకొండేళ్లు ఉంది. ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచింది. మోకాలికి రెండుసార్లు ఆపరేషన్ చేయించుకుంది. ఆ ఏప్రిల్‌లో సియోల్‌లో ఎంపిక పోటీలు చివరి రోజుకు వచ్చేసరికి జట్టులో ఒక్క చోటు మిగిలింది. పోటీలో ఇద్దరే ఉన్నారు. ఒకరు తను. రెండో మనిషి శిక్షణ శిబిరంలో మూడేళ్లుగా తన గదిలోనే ఉండే ప్యో దా-సోల్, పందొమ్మిదేళ్లది. ఇద్దరి పాయింట్లూ సమానం. మధ్యాహ్నం పదిహేను వందల మీటర్ల ఫైనల్లో ఎవరు ముందుంటే చోటు వాళ్లది.

ఉదయం సెమీఫైనల్ ఆఖరి మలుపులో యోన్-హ్వా స్కేటు బ్లేడు జారి, ఆమె బయటి వైపుకి పోయింది. లోపలి వైపు మనిషి నడిచి వెళ్లేంత సందు పడింది. వెనకే వస్తున్న దా-సోల్ అందులోకి రాలేదు. యోన్-హ్వా మొదట, దా-సోల్ రెండోది. ఇద్దరూ ఫైనల్‌కి వచ్చారు.

భోజనానికి రింకు వెనక నూడుల్స్ కొట్టుకి వెళ్లారు. గిన్నెలు వచ్చాయి. యోన్-హ్వా చేతులు కట్టుకుని కూర్చుంది. పెద్దవాళ్లు చాప్‌స్టిక్‌లు ఎత్తకుండా చిన్నవాళ్లు ఎత్తరు కాబట్టి దా-సోల్ కూడా కూర్చుంది.

"పొద్దున సందు కనిపించలేదా?"

"కనిపించింది అక్కా."

"మరి?"

"ముందు మీరున్నారు కదా."

"నేను కాకపోతే?"

దా-సోల్ గిన్నెలోకి చూసింది. "దూరేదాన్ని."

యోన్-హ్వా కూడా పందొమ్మిదో ఏట ఇలాగే ఒక సీనియర్ వెనక ఉండిపోయింది. జట్టులోకి రావడానికి ఇంకో ఏడాది పట్టింది. ఎందుకు ఆగావని ఆమెను ఎవరూ అడగలేదు. ఆ సీనియర్ కూడా అడగలేదు.

"తిను," అంది యోన్-హ్వా.

"మీరు తినండి."

"నువ్వు మొదలుపెట్టేదాకా ముట్టను. నువ్వు వదిలేసిన చోటు నాకొద్దు. గెలిచి తీసుకుంటా."

కొట్టు యజమానురాలు వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఏంటమ్మా, నా వంట ముందు కూర్చుని ఉపవాసమా? నూడుల్స్ ఉబ్బిపోయాక నన్ననకండి."

"ఈ పిల్ల తినడం లేదు పిన్నిగారూ."

"ఆకలి లేదా?"

"చచ్చేంత ఉంది," అంది దా-సోల్.

ఇంకో నిమిషం ఆగి, కళ్లు మూసుకుని, ఒక్క పోగు నోట్లో పెట్టుకుంది. తర్వాత గిన్నె ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు.

ఫైనల్లో గంట మోగింది, ఒక్క చుట్టు మిగిలింది. యోన్-హ్వా ముందుంది. ఆఖరి మలుపులో ఈసారి ఆమె లోపలి వైపు అరచెయ్యంత సందే ఇచ్చింది. వెనక మనిషి ఎడమ చేతి గ్లవ్ ఐస్‌ని గీసుకుంటున్న చప్పుడు చెవి పక్కనే వినిపించింది. ఆ వెంటనే దా-సోల్ వీపు కనిపించింది.

ముగింపు గీతకి రెండు మీటర్లుంది. దా-సోల్ రెండు కాళ్ల మీద నిటారుగా దాటింది. యోన్-హ్వా కుడికాలు ముందుకి చాచి, బ్లేడు కొనని గీత మీదకి తోసి, వీపు మీద పడి గోడ మెత్తల దాకా జారిపోయింది.

ఎవరి బ్లేడు కొన ముందు గీత దాటిందో ఫొటో చూసి చెప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది. సెకనులో వెయ్యింట ఆరు వంతుల తేడా. చోటు యోన్-హ్వాది.

దా-సోల్ వచ్చి ఆమెను లేవదీసింది. "ముందు తినమన్నారు. కాలు చాచమని చెప్పలేదు."

"అదీ నేనే చెప్పాలా? పదకొండేళ్లుగా గెలుస్తున్నదే దానితో. వెనక నుంచి మూడేళ్లు ఏం చూశావే?"

"మీ వీపు."

సాయంత్రం మాంసం కాల్చుకునే హోటల్‌కి యోన్-హ్వాయే తీసుకెళ్లింది. దా-సోల్ ఏడుస్తుందేమోనని జేబులో రుమాలు పెట్టుకుంది. నిప్పుల మీద పెద్ద ముక్క కాలింది. యోన్-హ్వా చాప్‌స్టిక్‌లు ఎత్తేలోపే దా-సోల్ చెయ్యి బల్ల దాటింది.

"నా కోసం ఆగొద్దన్నది ఐస్ మీదకి చెప్పిన మాటే పిల్లా."

"చోటు మీకు, ముక్క నాకు," అంది దా-సోల్, నోటి నిండా మాంసంతో. "వచ్చే ఏడు రెండూ నాకే."

యోన్-హ్వా రెండో ముక్క కోసం చెయ్యి బారెడు చాచింది. ఈసారి అందలేదు, దా-సోల్ ముందే అందుకుంది.