కొడుకు తవ్విన బొగ్గు మీద బోనం

ఒక అనుమానం నన్ను చాలా ఏళ్లు వదల్లేదు. మొక్కిన మనిషికి మొక్కు తీర్చే శక్తి లేకుండా పోతే, పోచమ్మ తల్లి దాన్ని బాకీగానే ఉంచుకుంటుందా, పోనీలే అని వదిలేస్తుందా? గుడి దగ్గర పెద్దలను అడిగాను, భజనకు వచ్చినవాళ్లను అడిగాను. ఎవరి జవాబూ నా మనసుకు సరిపోలేదు.

మొక్కు మా అత్త సారవ్వది. మా ఆయన రాజం బొగ్గుబాయిలో బదిలీ వర్కర్‌గా, అంటే రానివాళ్ల బదులు దిగే మనిషిగా చేరి, ఎప్పుడు పర్మినెంట్ అవుతాడా అని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్న రోజుల్లో ఆమె మొక్కుకుంది. కొడుకు పని పక్కా అయితే, వాడు తవ్విన బొగ్గు మీద తన చేత్తో బోనం వండి తల్లికి పెడతానని. పని పక్కా అయింది. గోదావరిఖనిలో క్వార్టర్ కూడా వచ్చింది. కానీ అప్పటికే అత్తకు ఆయాసం ముదిరింది. బొగ్గు పొగ సోకితే చాలు, దగ్గి దగ్గి గోడకు ఒరిగిపోయేది.

"నేను వండుత, నువ్వు చెయ్యి తాకియ్యి అత్తా" అన్నాను ఒకసారి.

"తల్లికి మాటిచ్చింది నేను. నువ్వు గాదు" అంది.

"పక్క వరుసోళ్ల గ్యాసు మీద వండరాదే అవ్వా" అన్నాడు మా ఆయన.

"ఆ గ్యాసు నువ్వు తవ్వినవా?"

ఆయన చెప్పులేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

మా క్వార్టర్ల వరుసలో దాదాపు అందరివీ బొగ్గు పొయ్యిలే. తెల్లవారగానే పొయ్యిని వాకిట్లోకి తెచ్చి రాజేస్తాం. నల్లపొగ పోయి నిప్పు కణకణలాడాక లోపలికి మోసుకెళ్తాం. మా అత్త, వాళ్ల అత్త కూడా అలాగే చేశారు. వంట మధ్యలో మళ్లీ బొగ్గు వేస్తే మాత్రం ఇల్లంతా పొగే.

రెండు వేల ఎనిమిదిలో అనుకుంటా, సంధ్యారాణి మా గడప తొక్కింది. సెంటినరీ కాలనీలో పెరిగిన కార్మికుడి బిడ్డ, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్తుంది. పొగను గొట్టం గుండా ఇంటి మీదికి పంపే బొగ్గు పొయ్యి తయారు చేస్తానని ఢిల్లీలోని సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖకు రాసుకుంటే, చేసి చూపించమన్నారట.

"ఢిల్లోళ్లకు మన పొయ్యితోని ఏం పని బిడ్డా? రాకెట్లు గిట్ల ఏసుకోక" అంది పక్కింటి పూలమ్మ.

"రాకెట్లకు వేరే శాఖ ఉన్నది పూలమ్మక్కా. వీళ్లు గిట్లాంటి పనులకు కూడ సాయం చేస్తరు. మొదలు మీ వరుసకు పెట్టి చూస్త. మంచిగ నడిస్తే మిగతా కాలనీలకు. నడవకుంటే గింతే."

మంచం మీద నుంచి మా అత్త అడిగింది. "దాని ముందట కూసోని నేను బోనం వండొచ్చునా బిడ్డా?"

సంధ్యారాణి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. "వండాలె అవ్వా. గందుకే చేస్తున్న."

పొయ్యిలు వచ్చాయి. కానీ ఆమె పొగ కొలిచే మిషన్ తెచ్చి పెట్టిన ప్రతిసారీ మొహం వాడిపోయేది. "కాలేజీల పెడితే సుక్క పొగ రాలే. మీ ఇండ్లల్ల ఎందుకొస్తుంది?" అని గొట్టం అతుకులు తడిమి చూసుకునేది. మాకూ తెలియలేదు. ఈలోగా శాఖ తరఫున చూసిపోవడానికి ఒక శాస్త్రవేత్త వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన కాదంటే పని ఆగిపోతుంది. మా అత్త మొక్కూ అక్కడే ఆగిపోతుంది.

ఆయన పేరు వామనరావు. మంథని వారు, హైదరాబాదులో ఉద్యోగం. పొద్దెక్కాక వస్తారనుకుంటే తెల్లారగట్లే సంధ్యారాణితో దిగారు. అప్పుడు మా వరుస వరుసంతా వాకిట్లో ఉంది. కొత్త పొయ్యిలన్నీ గుప్పుగుప్పుమని పొగ కక్కుతున్నాయి. నేను విసనకర్రతో విసురుతున్నాను.

"అమ్మా, ఇది ఇంట్లో పెట్టే పొయ్యి కదా?"

"ఇంట్లనే పెడ్తం సారూ. రాజేసి లోపటికి తీస్కపోతం."

"మరి గొట్టం?"

"గొట్టముంటే మోసుడెట్ల?"

సంధ్యారాణి నా వైపు చూసి తల పట్టుకుంది. "మల్లక్కా! రోజూ గిట్లనేనా?"

"మరెట్ల? ఇంట్ల పొయ్యి రాజేస్తరా ఎవలన్న?"

"మా గొట్టం మీద బట్టలారేస్తున్న సారూ, మంచిగున్నది" అంది పూలమ్మ.

ఆయన పకపకా నవ్వారు. రోజూ గొట్టం పీకి మళ్లీ తగిలించడంతో అతుకులు వదులై, పొగ ఇంట్లోకే వస్తోందని అప్పుడు తెలిసింది. సంధ్యారాణికి నవ్వు రాలేదు. "ఫెయిలైనట్టే గద సార్" అంది, కళ్లు తుడుచుకుంటూ.

"ఎందుకు ఫెయిలైందో తెలిసింది గదమ్మా. అది దాచకుండ రాయి. ఇంకొన్ని నెలలు ఇమ్మని నేను రాస్త. తప్పొచ్చని తెలిసే శాఖ ఇట్లాంటి పనులకు సాయం చేస్తది."

నాకు ఆశ్చర్యమేసింది. "తప్పినా సర్కారు మళ్ల చూస్తదా సారూ?"

"నా పనులు ఎన్ని తప్పినయో చెప్తే మీరు చాయ కూడ పొయ్యరు" అన్నారు.

గడువు ఇచ్చారు. మా వరుస చేసిన తప్పు ఢిల్లీ దాకా పోయిందని మా ఆయన బాయిలో గర్వంగా చెప్పుకున్నాడు.

రెండోసారి సంధ్యారాణి పొయ్యిని మా వంటింటి గోడలోకి సిమెంటుతో కట్టించింది. "ఇగ మోస్కపోండ్రి, చూస్త!" అంది. బొగ్గు కింద పేర్చి, పైన చితుకులు పెట్టి రాజేసింది. ఆడవాళ్లమంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పరుగెత్తడానికి సిద్ధంగా గడపలో నిలబడ్డాం. పొగ రాలేదు. పూలమ్మ బయటికి ఉరికి, "పైకెళ్లి పోతున్నదే! మబ్బుల కలుస్తున్నదే!" అని వాడంతా వినేలా కేకేసింది. ఈసారి మిషన్ చూసి సంధ్యారాణి నా చేతులు పట్టుకుంది. తర్వాత అవే పొయ్యిలు రామకృష్ణాపూర్ దాకా వెళ్లాయి.

శ్రావణంలో ఒక ఆదివారం మా అత్త తలస్నానం చేసి పొయ్యి ముందు పీట వేసుకుంది. మా ఆయన బొగ్గు పెళ్లలు తెచ్చిపెట్టాడు.

"ఇవి నువ్వు తవ్వినవేనా?"

"మా బాయివే అవ్వా. నా చెయ్యి పడే ఉంటది."

ఆమె ఒప్పుకుంది. నేను నీళ్ల చెంబు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. అన్నం ఉడికింది. బెల్లం కరిగింది. ఆమె ఒక్కసారీ దగ్గలేదు. కుండకు పసుపు రాసి, వేపమండలు కట్టి, మమ్మల్ని చెయ్యి వేయనివ్వకుండా తానే నెత్తికెత్తుకుంది. దారిలో ఆగి ఆగి నడిచి పోచమ్మ ముందు దించింది.

"ఇగ నీకూ నాకూ బాకీ సాఫ్, తల్లీ" అంది.