గీత నాది, కత్తెర అత్తయ్యది

కోడలు చేతికి కట్టుతో ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే కత్తెర మాయమైంది. దాని వెంటే కూరగాయల కత్తి కూడా. అత్తగారు ఎక్కడ దాచిందో ఏమో, టమాటాలు చేత్తో పిసికి మరీ కూర వండుతోంది మహాతల్లి.

అదంతా ప్రేమే. కానీ కోడలిది కుట్టుపని. మిషను మీద ముసుగు పడ్డాక తలలోని గోల రెండింతలైంది.

స్నానానికి వెళ్తే తలుపు బయట అత్తగారి దగ్గు.

"ఏం చేస్తున్నావే?"

"స్నానం అత్తయ్యా. పాట కూడా పాడమంటారా?"

"పాడు. వినబడుతుంటే నాకూ ధైర్యం."

కట్టు మార్పించుకునే రోజు రానే వచ్చింది. కోడలు కదలనని మొండికేసింది. మొదటిసారి కట్టు కట్టిన నర్సు, "పసిబిడ్డ తల్లివి, ఇలా చేసుకోడానికి సిగ్గులేదూ?" అంది మరి. గాయం కన్నా ఆ మాటే ఇంకా సలుపుతోంది. అత్తగారు బిడ్డను చంకనేసుకుని, "ఈసారి ఎవరైనా నోరు జారితే నేనున్నాగా," అంటూ ముందు నడిచింది.

ఈసారి నర్సు వేరే ఆవిడ. "నొప్పెడితే చెప్పమ్మా, ఆగుతాను," అంది. కోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పక్క గదిలో కౌన్సెలింగ్ మేడమ్ అడిగింది. "ఎలా ఉంటున్నావు?"

"బాగానే తింటోందండీ," అత్తగారు అందుకుంది.

"మీ కోడల్ని అడిగానమ్మా." మేడమ్ నవ్వి ఇటు తిరిగింది. "ఏం చేస్తే నీకు తేలిగ్గా ఉంటుంది?"

ఇన్నాళ్ళూ ఎందుకు చేశావన్నవాళ్ళే గానీ ఈ మాట అడిగినవాళ్ళు లేరు. కోడలు మేడమ్ వైపే చూస్తూ చెప్పింది.

"దొంగని కాచినట్టు కాయకుండా, ఎలా ఉందని నన్నే అడగాలి. బాగోలేదంటే తిట్టకుండా పక్కన కూర్చోవాలి. ఇంకా... నా మిషను కావాలి."

"మరి కత్తెరో?" అత్తగారు బిడ్డను దగ్గరికి హత్తుకుంది.

కోడలు తల వంచుకుంది. "ఇప్పుడే నా చేతికి వద్దత్తయ్యా. నాకూ భయమే. మీ దగ్గరే ఉంచండి. సుద్దతో గీత నేను గీస్తాను, కత్తిరించేది మీరు."

మేడమ్ తలూపింది. "ఇది నేను చెప్పాలనుకున్నదానికన్నా బాగుంది. వచ్చే వారం ఎలా సాగిందో చెప్పండి."

ఆ సాయంత్రమే మిషను ముసుగు తీశారు.

"ఇదేం కోత అత్తయ్యా, పాము పాకినట్టు!"

"నీ గీతే వంకర. నన్నంటావేం?"

బిడ్డకి ఏమర్థమైందో గానీ కిలకిలా నవ్వింది. కాసేపు మిషను పరుగులు తీసింది. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయింది.

అత్తగారికి దగ్గు గొంతు దాకా వచ్చింది. మింగేసింది.

"ఎలా ఉందమ్మా?"

"బాగోలేదత్తయ్యా."

అత్తగారు కత్తెరను పెట్టెలో పెట్టి తాళం వేసింది. బిడ్డను ఒళ్ళోకి తీసుకుని మిషను దగ్గరికొచ్చింది.

"కాస్త జరుగు," అంటూ పక్కనే కూర్చుంది.