అరణంగా వచ్చిన గాలి

గోపాల్‌పేటలో జములమ్మకు తెల్లారి లేవగానే మొదటి పని ఇల్లూడవడం కాదు, గాలిని బయటికి పంపడం. లేకపోతే ఊడ్చిన చెత్తంతా తిరిగి ఇంట్లోకే తెచ్చిపెట్టేది. గద్వాల నుంచి ఆమె కాపురానికి వచ్చిననాడు బండి వెనకే వచ్చిందది. ఒక కోడలు ఆవును అరణంగా తెచ్చుకుంటుంది, ఇంకో కోడలు బిందెలు తెచ్చుకుంటుంది, ఈమె కృష్ణ ఒడ్డు గాలిని తెచ్చుకుందని ఊరు సరిపెట్టుకుంది. అత్త పెంటమ్మ మాత్రం పొయ్యి ఆరినప్పుడల్లా దాన్నీ దాని పుట్టింటినీ కలిపి తిట్టేది.

ఆ ఏడు పెంటమ్మకు తిట్టే ఓపిక కూడా లేకపోయింది. మోట లాగే ఎద్దు చచ్చిపోయింది. ఇంటి వెనక బావిలో నీళ్లున్నాయి, పైకి తెచ్చే దిక్కు లేదు. మిరపతోట పూత మీద వాడిపోతోంది. జములమ్మ భర్త కురుమూర్తి, కల్వకుర్తిలో మూలపడ్డ పత్తి మిల్లు ఇంజనును, నీళ్లు తోడే పంపుతో సహా బండి మీద వేసుకొచ్చి పెరట్లో విప్పాడు. సిలిండరు మీద మూతలా కూర్చునే హెడ్డు పగిలి ఉంది. జర్మనీ లడాయి రోజులు, కొత్త సామాను మాట ఎత్తితే జనం నవ్వేవాళ్లు. మరోపక్క మేస్త్రి బండి తెస్తున్నాడు, రాయచూరు దిక్కు కాలువ తవ్వకానికి మనుషుల్ని తీసుకుపోవడానికి. తోట ఎట్లాగూ ఎండుతుందని, బండెక్కుతానని కురుమూర్తి మాటిచ్చేశాడు. అట్లా పోయినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లు తక్కువ.

"బండి రానియ్యి. నువ్వు ఎక్కవు," అంది జములమ్మ.

ఇద్దరూ వనపర్తి వెళ్లి, లారీలు బాగుచేసే ఖాజా మియా షెడ్డు వెనక పాత ఇనుము గుట్ట ముందు కూర్చున్నారు. గాలీ వెంట వచ్చింది. ఖాజా మియా గోనెపట్టా జరిపి దానికీ చోటిచ్చాడు. చాలాసేపు వెతికితే, బోల్టులు సరిపడే హెడ్డు ఒకటి దొరికింది. గాలి దారిని తెరిచి మూసే వాల్వుల్లో కురుమూర్తి తళతళలాడేదాన్ని ఏరితే, జములమ్మ దాన్ని హెడ్డులో కూర్చోబెట్టి గాలిని వెనక నుంచి ఊదమంది. సన్నగా ఈల వినబడింది.

"మెరుస్తుంది గని మూసుకుంటలేదు," అని పక్కన పడేసింది. మసిబారిన ముసలి వాల్వు పెడితే కిక్కురుమనలేదు. అదే తీసుకుంది.

ఇంటికొచ్చి బిగించారు. చక్రం తిప్పితే ఇంజను లేచింది. చక్రానికి తోలు పట్టా వేసి పంపుకు తగిలించగానే దగ్గి పడుకుంది. ఎన్నిసార్లు లేపినా అంతే. కురుమూర్తి బట్టలు మూట కట్టుకున్నాడు.

ఖాజా మియా సైకిలు తొక్కుకుంటూ వచ్చి చూశాడు. "ఇది చిన్న ఇంజను హెడ్డు బిడ్డా. గాలి పీల్చే తొవ్వ ఇరుకుంది. గింత పెద్ద సిలిండరుకు ఊపిరి ఆడుతలేదు. తొవ్వ ఎడల్పు చెయ్యాలె. జర పైలం! ఆ గోడ ఎనక సల్లబరిచే నీళ్లు పారుతయ్. బొక్క పడ్డదంటే హెడ్డు పాయె."

కురుమూర్తి ఆకురాయి పట్టుకుని దారి నోటిని పెద్దది చేశాడు. చెయ్యి అంతకన్నా లోపలికి పోదు. నోరు పెద్దదైంది గానీ ఇంజను బుద్ధి మారలేదు.

అప్పుడు జములమ్మ చాటలో జొన్నపొట్టు తెచ్చింది. "కల్లంల గాలిని ఎట్ల చూస్తమో, గట్లనే చూద్దాం," అని హెడ్డును దిమ్మె మీద పెట్టి, గాలిని దానిలోంచి పొమ్మని, నోటి దగ్గర పొట్టు వదిలింది. పొట్టు నోటి దగ్గర ఆగలేదు. లోపల దారి వాల్వు వైపు కిందికి తిరిగే మలుపులో కుప్పపడింది.

"నోరు కాదు చిచ్చా, మెడ. మెడకాడ ఇరుకున్నది."

ఖాజా మియా వంగి చూసి ముచ్చటపడ్డాడు. ఆకురాయిని కాల్చి మెడ దాకా అందేట్టు వంచి, మళ్లీ పదును పట్టించి ఇచ్చాడు. పొయ్యి మీద జొన్నన్నం ఉడికే సందులో కూడా జములమ్మ రాకుతూనే ఉండేది. భుజం వాచింది. పొట్టు కుప్ప తగ్గుతూ వచ్చింది, పూర్తిగా పోలేదు.

మేస్త్రి బండి రావడానికి ముందురోజు ఖాజా మియా హెడ్డును సన్న చువ్వతో తట్టి చూశాడు. చప్పుడు మారింది. "బస్! ఇంక ఆకురాయి పెడితే చిల్లే," అని దాన్ని ఆమె చేతిలోంచి లాక్కున్నాడు.

జములమ్మ కాసేపు మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి సన్న ఇసుక జల్లించి చాటనిండా తెచ్చి గాలి ముందు పెట్టింది.

"వచ్చినకాన్నుంచి నిన్ను ఇంత పెద్ద పని అడగలే. ఇసుక పట్టుకోని ఈ తొవ్వెంబడి తిరుగు. యాడ తగిలితే ఆడనే, మెల్లగ రాకు."

వాకిట్లోంచి పెంటమ్మ గాభరాగా వచ్చింది. "ఓ పిల్లా! గట్ల రాకితే ఆ గాలి గూడ అరిగిపోతది గదనే!"

"ఎరుకే అత్తా," అంది జములమ్మ. ఆమెకు ఏడుపొచ్చింది. అయినా చాట వెనక్కి తీసుకోలేదు.

మధ్యాహ్నమంతా గాలి ఆ దారిలో తిరిగింది. మొదట పెరడంతా గుయ్యిమంది, పోనుపోను ఆ చప్పుడు సన్నబడింది. పొద్దు వాలేసరికి మళ్లీ పొట్టు వదిలితే ఒక్క రేణువు కూడా ఆగకుండా బయటపడింది. గోడ చెక్కుచెదరలేదు. బయటికొచ్చిన గాలికి మాత్రం ఆమె కొంగు కదిలించే సత్తువ కూడా లేదు. ఆ సాయంత్రం పెంటమ్మ దాన్ని పొయ్యి పక్కనే కూర్చోబెట్టుకుంది.

తెల్లారి హెడ్డు బిగించి, పట్టా వేసి, కురుమూర్తి చక్రం తిప్పాడు. పంపు బరువు పడగానే ఇంజను ఒకసారి కుంగింది. ఇంజను నిండుగా పీల్చుకుని లేచింది. గొట్టం నోట బురద వచ్చింది, వెనకే నీళ్లొచ్చాయి.

మేస్త్రి బండి గట్టు మీద ఆగింది. "కురుమూర్తీ, మూట ఏదిరా?"

కురుమూర్తి మోకాలి లోతు కాలువలో పార పట్టుకుని ఉన్నాడు. "మాట తప్పుతున్న మేస్త్రీ, తిట్టుకో! మడికి నీళ్లు కట్టాలె!" అని అరిచాడు. మేస్త్రి తిట్టుకుంటూనే బండి తోలించాడు.

అప్పుడు జములమ్మ చెంప మీదుగా సన్నగా, చల్లగా ఏదో పోయింది. తోట దాటి, పడమటి దారి పట్టింది.

"అగ్గో, గద్వాల దిక్కు పోతుంది. పిలువరాదూ?" అన్నాడు కురుమూర్తి.

జములమ్మ తడి చేత్తోనే కళ్లు తుడుచుకుంది.

"పోనియ్యి. ఈడ నేను నిలదొక్కుకున్ననని మా అమ్మకు ఎవరన్న చెప్పాలె గద."