వెల్లకిలా

పొద్దున్నే స్టవ్ మీద మూడు గిన్నెలు పెట్టేదాన్ని. మా ఆయన దుర్గేష్‌కి ఉప్మా, అత్తయ్యకి రాగిజావ, చేపకి నాలుగు బఠానీ గింజలు.

ఆ చేప ఎనిమిది నెలలుగా వెల్లకిలానే తేలుతూ ఉండేది. ఇంట్లో బంగారు చేప ఉంటే కలిసొస్తుందని ఎవరో చెబితే దుర్గేషే పంజాగుట్టలో కొన్నాడు. అది తిరగబడ్డ రోజు నుంచి తొట్టి వైపు చూడటం మానేశాడు. నేనే దాన్ని నీళ్ళసంచిలో పెట్టుకుని కొన్న దుకాణానికి తీసుకెళ్ళాను. దుకాణం నర్సింహులు చూసి పెదవి విరిచాడు.

"లోపల గాలితిత్తి ఖరాబైందమ్మా. ఇగ ఇది సీదా ఈదదు. గట్లని సావదు సుత. బఠానీ ఉడకబెట్టి, పొట్టు తీసి, చేత్తోని తినిపియ్యుండ్రి. పొట్ట నీళ్ళ మీదికి తేలి ఎండితే పుండు పడ్తది. జర చూస్కుంటే ఏండ్లు బతుకుతది."

చూసుకోవడం నాకు కొత్త కాదు. అప్పటికే అత్తయ్య హైమవతి గారు పక్షవాతంతో హాల్లో మంచం పట్టి ఉన్నారు. ఆమెనీ పక్కకి తిప్పుతూ ఉండాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. పొద్దున తిప్పి, డైపర్ మార్చి, మైత్రీవనంలో కోచింగ్ సెంటర్‌కి వెళతాను. మళ్ళీ మధ్యాహ్నం అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, ఒక్క స్టేషన్ దాటి దిగి, ఇంటికొచ్చి తిప్పుతాను. "చంద్రిక గారూ, మీరు ఉద్యోగానికొస్తున్నారా, లంచ్‌కి వెళ్ళడానికొస్తున్నారా?" అని మా మేనేజర్ చలపతిరావు గారు విద్యార్థుల ముందే అడుగుతారు. నవ్వి ఊరుకుంటాను. దుర్గేష్ పగలంతా ఇంట్లోనే, పక్క గదిలోనే, తలుపేసుకుని పనిచేస్తాడని ఆయనకి చెప్పలేను. చెబితే నాకే సిగ్గు.

"అమ్మకి అవన్నీ నేనెలా చేస్తాను? ఆడవాళ్ళ పని కదా" అంటాడు దుర్గేష్. "అంత కష్టంగా ఉంటే ఉద్యోగం మానెయ్."

కాళ్ళూ చేతులూ ఆడుతున్న రోజుల్లో అత్తయ్య చుట్టాలందరికీ నన్ను చూపించి, "ఉద్యోగం చేసే కోడలంటే ఇంటికొచ్చిపోయే చుట్టమే" అనేవారు. ఇప్పుడు ఆమెకి పగలంతా కనిపించేది ఎదురుగా ఉన్న తొట్టి ఒక్కటే. నేను జావ చెంచా నోటి దగ్గర పెడితే, ముందు కళ్ళు అటు తిప్పి, వంకరపోయిన నోటితో "తిందా?" అని అడిగేవారు. తిన్నదంటేనే నోరు తెరిచేవారు.

మొన్న గురువారం మధ్యాహ్నం వచ్చేసరికి తొట్టి కడిగి బాల్కనీలో బోర్లించి ఉంది. దుర్గేష్ మెడలో హెడ్‌సెట్‌తో బయటికొచ్చాడు.

"వాసనొస్తోంది. ఎన్నాళ్ళని చూస్తాం? దానికీ విముక్తి. నీకూ ఒక పని తగ్గింది."

"ఎక్కడ వేశారు?"

"బాత్రూంలో. ఫ్లష్ చేశాను" అని, మీటింగ్ ఉందంటూ తలుపేసుకున్నాడు.

అత్తయ్య ముఖం గోడవైపు తిప్పుకుని ఉన్నారు. పక్కంతా తడి. నేను దుప్పటి తీయబోతే, పనిచేసే ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు.

"బతికే ఉంది... నోరు తెరుస్తోంది... వద్దురా అన్నాను." మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. "నన్ను... వాడికి వదిలెయ్యకు."

ఆమె పక్కనే కూలబడ్డాను. ఏడుపు రాలేదు, భయమేసింది. ఎనిమిది నెలలు ఒక ప్రాణాన్ని నా వేళ్ళతో నిలబెట్టుకున్నాను. అతనికి అది నేను చేసే పనుల్లో ఒకటి. అవసరం లేదనుకుంటే తగ్గించేయగలిగిన పని. అత్తయ్య కూడా అతని లెక్కలో నా పనే. ఆ సంగతి ఆమెకి నాకంటే ముందే అర్థమైంది. ఇప్పుడు నా నుంచి అందరూ ఆశించేదేమిటో నాకు తెలుసు. రాజీనామా రాసిచ్చి, ఈ మంచం పక్కనే ఉండిపోవాలి. ఆ పట్టు విడిపించుకుని వెళ్ళే కోడల్ని లోకం ఏమంటుందో తెలుసు. తలుపు అవతల నుంచి దుర్గేష్ ఎవరితోనో హాయిగా నవ్వుతున్నాడు.

"వదలనత్తయ్యా" అన్నాను. "కానీ ఆయన నేర్చుకోవాలి. నేను మీ పక్కనే ఉండి నేర్పిస్తాను."

"నేర్చుకోకపోతే?"

ఆమె చెయ్యి దిండు మీద పెట్టి, లేచి వెళ్ళి గది తలుపు తెరిచాను. అతను స్క్రీన్ వైపు చూస్తూనే, ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. ఏడేళ్ళ కాపురంలో అతన్ని పేరు పెట్టి పిలవడం నాకదే మొదటిసారి.

"దుర్గేష్, అది ఆపి, చేతులు కడుక్కుని రా. మీ అమ్మ పక్క తడిసింది."